పైకి చెప్పే సంఖ్య

గుంటూరు శివారులో, పాత పొగాకు గోదాముల వెనక, వైద్యుల అంచనా కేంద్రం ఉండేది. రాష్ట్రంలో ఏ జబ్బుకు ఎంతమంది డాక్టర్లు కావలసివస్తారో, ఉన్నవాళ్ళలో ఎందరు రిటైరవుతారో, ఎందరు మధ్యలో మానేస్తారో పదేళ్ళు ముందుగా చెప్పడం అక్కడి పని. ఆ లెక్క గట్టే యంత్రం పేరు త్రాసు. దాన్ని తయారుచేసిన నలుగురిలో ఇంకా కేంద్రంలో మిగిలింది కొండ్రు హెప్సిబా ఒక్కతే.

ఏటా జూలైలో త్రాసు చెప్పిన సంఖ్యలు పేపర్లలో పడేవి. ఎంబీబీఎస్ పూర్తిచేసిన పిల్లలు వాటిని చూసుకుని పీజీలో ఏ విభాగం తీసుకోవాలో తేల్చుకునేవాళ్ళు. కోచింగు సెంటర్లవాళ్ళు ఆ సంఖ్యలను ఫ్లెక్సీలు కొట్టించి కూడళ్ళలో కట్టేవాళ్ళు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఒక ఏడాది గుండె డాక్టర్లు రెండొందలమంది తక్కువ పడతారని పేపర్లో పడింది. ర్యాంకులు వచ్చినవాళ్ళంతా గుండెకు ఎగబడ్డారు. ఐదేళ్ళు తిరిగేసరికి గుండె డాక్టర్లు వీధికి ముగ్గురయ్యారు. వడవైద్యం చదివినవాళ్ళు మాత్రం జిల్లాకు ఇద్దరు కూడా లేరు.

వడవైద్యం అప్పటికి కొత్త విభాగం. ఎండలు యాభై డిగ్రీలు దాటడం మొదలయ్యాక పెట్టారు. ఆ డాక్టర్లు ఆస్పత్రుల్లో కూర్చోరు. వేసవి నాలుగు నెలలూ గనుల దగ్గర, మిరప కల్లాల దగ్గర శిబిరాల్లో ఉండాలి. ఆ ఏడు వేసవిలో పల్నాటి నాపరాయి గనుల్లో మూడు వారాల్లో రెండొందల ముప్పైమంది వడదెబ్బకు పోయారు. హెప్సిబా లెక్కల కోసం అక్కడికి వెళ్ళింది. గోనెపట్టాల మీద వరసగా పడుకోబెట్టిన మనుషుల్ని చూసి తిరిగివచ్చి, రెండేళ్ళపాటు త్రాసుకు ఒక కొత్త విద్య నేర్పింది. సంఖ్య విన్నాక జనం ఏం చేస్తారో అది కూడా లెక్కగట్టే విద్య.

మొదటిసారి దాన్ని నడిపిన రోజు డైరెక్టరు పసుమర్తి సీతాపతి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

"వడకు కావలసిందెంత?"

"నాలుగొందలమందండీ," అంది హెప్సిబా. "పేపర్లో నాలుగొందలని వేస్తే ఎంతమంది చేరతారో చూడండి."

తెర మీద నూట నలభై ఎనిమిది అని పడింది. ఆరొందలని కొట్టింది. రెండొందల ముప్పైమూడు. తొమ్మిదొందలని కొట్టింది. మూడొందల తొంభైఏడు.

సీతాపతి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అంటే నిజం చెబితే చాలినంతమంది రారు. అబద్ధం చెబితే సరిగ్గా సరిపోతారు."

"ఇంకోటుందండీ. పిల్లల డాక్టర్లు మిగిలిపోతారని వేస్తే, వాళ్ళలో కొందరు ఇటు మళ్ళుతారు. అప్పుడు నాలుగొందలూ నిండుతాయి."

"నిజంగా మిగిలిపోతారా?"

"మిగలరు. సరిపోతారు."

ఆయన చెడ్డవాడు కాదు. చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. చివరికి, "జ్వరం వచ్చిన బిడ్డకు మాత్ర బెల్లంలో పెట్టి మింగించమా?" అన్నాడు. "పైకి చెప్పే సంఖ్య ఒకటి, లోపలి సంఖ్య ఒకటి. లోపలిది మనిద్దరి మధ్యే ఉండాలి."

హెప్సిబాకు గోనెపట్టాలు గుర్తుకొచ్చాయి. సరేనండీ అంది.

*

హెప్సిబా పెళ్ళి చేసుకోలేదు. తెనాలి బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసే అన్నయ్య దానియేలు కూతురు కెజియా, గుంటూరులో మెడిసిన్ చదివినన్నాళ్ళూ ఆమె దగ్గరే ఉంది. ఆరేళ్ళు ఒకే కంచంలో తిన్నట్టు బతికారు. అత్తకు లెక్కలు తప్ప వంట రాదని కెజియా ఎగతాళి చేసేది. మేనకోడలు చదివే పుస్తకాలు సర్ది, దోమతెర కట్టి, పరీక్షల రోజుల్లో తెల్లారకముందే లేచి టీ పెట్టి ఇచ్చేది హెప్సిబా.

కెజియాకు పిల్లల డాక్టరు కావాలని కోరిక. హౌస్ సర్జన్సీలో పిల్లల వార్డులో వేసిన నెలంతా ఇంటికొచ్చి ఆ కబుర్లే చెప్పేది. "ఇవాళ ఒకడు నా స్టెతస్కోపు నోట్లో పెట్టుకుని వదల్లేదత్తా," అని చెప్పి తనే నవ్వేది.

సంఖ్యలు పేపర్లో పడ్డ రోజు సాయంత్రం కెజియా పేపరు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. హెప్సిబా వంకాయలు కోస్తోంది.

"అత్తా, పిల్లల డాక్టర్లు మూడొందలమంది మిగిలిపోతారంట. నిజమేనా?"

"పేపర్లో వేశారుగా."

"పేపరోళ్ళని కాదు, నిన్ను అడుగుతున్నా. వడకు తొమ్మిదొందలమంది కావాలంట. నా ర్యాంకుకు రెండూ వస్తయి. నాన్నేమో వడ తీసుకోవే, రేపు ఖాళీగా కూర్చోకుండా ఉంటావంటున్నాడు. నాకేమో మనసు రావట్లా. నువ్వు ఏం చెబితే అది చేస్తా."

చెప్పకూడదని సంతకం పెట్టిన కాగితం ఒకటి సీతాపతి బీరువాలో ఉంది. అది కాకపోయినా, తన కోడలికి మాత్రం నిజం చెప్పి, ఊళ్ళో పిల్లలందరికీ అబద్ధం చెప్పడం ఎక్కడి న్యాయమని కూడా హెప్సిబాకు అనిపించింది. ఆ క్షణాన అది గొప్ప ధర్మంలా తోచింది.

"త్రాసు లెక్క తప్పదు," అంది తల ఎత్తకుండా.

కెజియా కాసేపు గుమ్మానికి ఆనుకుని నిలబడి, "సరే అయితే," అంది. మర్నాడు కౌన్సెలింగులో వడవైద్యం తీసుకుంది.

ఆ ఏడు చేరినవాళ్ళు నాలుగొందల ఇద్దరు. కేంద్రంలో లడ్డూలు పంచారు. హెప్సిబా తన లడ్డూ కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చి కెజియాకు పెట్టింది. ఎందుకత్తా లడ్డు అని కెజియా అడిగితే, ఎవరిదో పుట్టినరోజులే అంది.

*

ఏడేళ్ళు గడిచాయి. పల్నాటి గనుల్లో వడదెబ్బ చావులు ఐదోవంతుకు పడిపోయాయి. ఆ మాట నిజం. ఆ నిజాన్ని తలచుకునే హెప్సిబా నిద్రపోయేది.

కానీ పైకి చెప్పే సంఖ్య ఏటికేడాదీ పెంచవలసి వచ్చింది. తొమ్మిదొందలు పనిచేసింది ఒక్క ఏడాదే. తర్వాత పదకొండొందలన్నారు, పద్నాలుగొందలన్నారు, రెండువేలు దాటారు. చేరినవాళ్ళకు శిబిరాల్లో పక్కన రెండో డాక్టరు కనిపించేవాడు కాదు. ఇంతమంది కావాలన్నారే, వాళ్ళంతా ఏరని అడిగేవాళ్ళు. ఆ అడగడం జూనియర్ల చెవిన పడేది. వడకు చెప్పిన సంఖ్యను మూడో వంతు చేసి చదువుకోవాలని కోచింగు సెంటర్లలోనే బాహాటంగా చెప్పడం మొదలుపెట్టారు.

ఆ మే నెలలో త్రాసును నడిపితే అది ఏ సంఖ్యా ఇవ్వలేదు. మూడువేలన్నా, ఐదువేలన్నా చేరేవాళ్ళు రెండొందలు మించడంలేదు. పైకి చెప్పే సంఖ్య పడాల్సినచోట ఒక గీత గీసి ఊరుకుంది. ఏం చెప్పినా నమ్మరని దాని అర్థం.

హెప్సిబా రెండురోజులు సెలవు పెట్టి నల్లరాళ్ళపాడు బస్సెక్కింది. కెజియా శిబిరం అక్కడే. ఇన్నేళ్ళలో పండగలకు తెనాల్లో కలుసుకోవడమే తప్ప, కోడలు పనిచేసే చోటికి ఆమె ఒక్కసారీ వెళ్ళలేదు.

గని అంచున తెల్లసున్నం కొట్టిన పొడుగాటి రేకుల షెడ్డు, దాని మీద తాటాకులు. లోపల ఆరు సిమెంటు తొట్లు, వాటి నిండా నీళ్ళు, ఐసుముక్కలు. హెప్సిబా వెళ్ళేసరికి నలుగురు మనుషులు ఒక ఆడమనిషిని జోలెలో మోసుకొచ్చారు. కళ్ళు తేలేసింది. ఏదేదో మాట్లాడుతోంది.

"తొట్లో దించండి, చీర తియ్యొద్దు, టైము పోయిద్ది!" కెజియా గొంతు. చెంపలు నల్లబడి, జుట్టు ముడేసి, మోకాళ్ళదాకా మడిచిన ప్యాంటుతో ఉన్న ఆ మనిషి కెజియా అని పోల్చుకోవడానికి హెప్సిబాకు కాస్త సమయం పట్టింది. "నాగరత్తమ్మా, వేడెంత?"

నర్సు నాగరత్తమ్మ థర్మామీటరు చూసి, "నలభై రెండున్నర డాక్టరమ్మా," అంది.

కెజియా తొట్టి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆ మనిషి తల చేత్తో పట్టుకుంది. ఇంకో చేత్తో నీళ్ళు కలియబెడుతూ ఉంది. "పేరేందమ్మా నీది? పేరు చెప్పు. ఊఁ, చెప్పు." ఐసునీళ్ళలో ఆమె చేతులు ఎర్రబడ్డాయి. పదిహేను నిమిషాలకు వేడి ముప్పైతొమ్మిదికి దిగింది. తొట్లోంచి తీయించింది. అప్పుడు ఆ మనిషి స్పష్టంగా, "నా చెప్పులు యాడ?" అంది. మోసుకొచ్చిన నలుగురూ నవ్వారు. ఒకతను హెప్సిబాతో, "మా ఐసు డాక్టరమ్మండీ ఈయమ్మ," అని గర్వంగా చెప్పాడు.

సాయంత్రం ఎండ చల్లబడ్డాక ఇద్దరూ షెడ్డు వెనక బల్ల మీద కూర్చున్నారు. కెజియా సంతోషంగా ఉంది. ఇన్నాళ్ళకు వచ్చావా అని దెప్పింది, మజ్జిగ తెచ్చి ఇచ్చింది. హెప్సిబా గ్లాసు కింద పెట్టింది.

"కెజియా, నువ్వు చేరిన ఏడు తొమ్మిదొందలు కావాలని పేపర్లో వేశాం కదా. కావలసింది నాలుగొందలే. తొమ్మిదొందలంటేనే నాలుగొందలమంది వస్తారని త్రాసు చెప్పింది. పిల్లల డాక్టర్లు మిగిలిపోతారన్నదీ అబద్ధమే. అవన్నీ వేసింది నేనే. నువ్వు అడిగిన రోజే నాకు తెలుసు."

కెజియా గని వైపు తిరిగింది. దూరంగా గనిలోంచి రాళ్ళ ట్రాక్టరు ఒకటి పైకి వచ్చి, మలుపు తిరిగి వెళ్ళిపోయేదాకా చూస్తూ కూర్చుంది.

"నాన్నకు తెలుసా?"

"తెలీదు."

"వంకాయలు కోస్తా ఉన్నావు ఆ రోజు. తల ఎత్తలా. నేను తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో, అత్త ఎందుకు నా మొహం చూళ్ళేదా అని." ఆమె గొంతులో కోపం లేదు, అందుకే హెప్సిబాకు భయం వేసింది.

"నిజం చెప్పుంటే నువ్వు దీంట్లోకి వచ్చేదానివా?"

"ఏమో. రాకపోదును. తెనాల్లో పిల్లల డాక్టర్ని అయ్యుందును." కెజియా చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. ఐసుకు పగిలి, గోళ్ళ చుట్టూ చర్మం లేచిపోయిన చేతులు. "అది కాదత్తా. రోజూ పొద్దున లేవంగానే, ఇది నువ్వు ఏరుకున్న పనే, ఎవరూ నెట్టలేదు అని నాకు నేను చెప్పుకుంటా. ఈ ఎండలో నన్ను నిలబెట్టింది ఆ ఒక్క మాటే. దాన్ని కూడా తీసేసుకున్నావు."

హెప్సిబా ఆమె చెయ్యి పట్టుకోబోయింది. కెజియా లేచి, ఆరింటికి ఆఖరి బస్సుందని చెప్పి షెడ్డులోకి వెళ్ళిపోయింది.

*

జూలైలో సంఖ్యలు ప్రకటించే ముందు సీతాపతి, హెప్సిబా మళ్ళీ ఆ గదిలోనే కూర్చున్నారు.

"ఏ అబద్ధమూ పనిచేయనప్పుడు నిజం చెబితే పోయేదేముందండీ?" అంది హెప్సిబా. "ఈ ఏటి లోపలి సంఖ్యే వేద్దాం. వెనకటి ఏళ్ళవి కూడా వేద్దాం. ఆ ఏళ్ళలో చేరినవాళ్ళకు కావాలంటే విభాగం మార్చుకునే వీలిద్దాం."

"ఈ ఏటిది వేద్దాం, ఒప్పుకుంటాను. వెనకటివి వేస్తే ఉన్న డాక్టర్లు లేచిపోతారు. శిబిరాలు ఖాళీ అవుతాయి. ఆ చావులు నీ మెడకు చుట్టుకుంటాయి హెప్సిబా."

"ఇప్పుడు వాళ్ళ బతుకులు చుట్టుకుని ఉన్నాయండీ."

ఆయన ఒప్పుకోలేదు. పత్రికలవాళ్ళు వచ్చిన రోజు హెప్సిబా తన వంతు రాగానే లేచి, ఏడేళ్ళ సంఖ్యలూ రెండు వరసల్లో చదివింది. పైకి చెప్పినది, లోపలిది. ఆమె చదువుతుంటే సీతాపతి తల వంచుకుని కూర్చున్నాడే తప్ప మైకు లాక్కోలేదు. వారంలో ఆయన రిటైర్మెంటు కాగితం పెట్టాడు. హెప్సిబాను తీసేయాలని పెద్ద గొడవ నడిచింది. త్రాసును నడపడం తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేక ఉంచారు. తెనాలి నుంచి దానియేలు ఫోను చేసి, "చెల్లెమ్మా, నా బిడ్డే దొరికిందా నీకు?" అని ఒక్క మాట అని పెట్టేశాడు.

కావలసింది నాలుగొందల ముప్పైమంది అని ఉన్నదున్నట్టు వేసిన ఆ ఏడు, వడలో చేరినవాళ్ళు రెండొందల పదకొండు. కోర్టుకు వెళ్ళిన డాక్టర్లకు విభాగం మార్చుకునే హక్కు వచ్చింది. ఏడు బ్యాచుల్లో మూడొందలమందికి పైగా దరఖాస్తు పెట్టారు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం కెజియా గుంటూరు వచ్చింది. మేలో బల్ల మీద నుంచి లేచి వెళ్ళిన తర్వాత ఆమె అత్త ఇంటికి రావడం అదే మొదటిసారి. చెప్పులు విడిచి, అన్నం తిన్నావా అంటే తిన్నానని చెప్పి, సోఫా అంచున కూర్చుంది.

"పిల్లల విభాగంలో సీటు ఇచ్చారు. కాకినాడలో. ఏప్రిల్ ఒకటిన చేరాలి."

"మంచిది," అంది హెప్సిబా.

"నల్లరాళ్ళపాడుకు ఎవరూ రావట్లేదంట. పక్క శిబిరం డాక్టరు వారానికి రెండుసార్లు వచ్చి చూసిపోతాడంట. మిగతా రోజులు నాగరత్తమ్మే." అంది కెజియా. "నేను వెళ్ళిపోతే ఈ వేసవికి అక్కడ ఎంతమంది పోతారో త్రాసు చెప్పగలదా?"

"చెప్పగలదు."

"చూశావా?"

హెప్సిబా చూసింది. కెజియా దరఖాస్తు పెట్టిందని తెలిసిన రోజునే చూసింది. లేదు, చూడలేదు అంటే సరిపోతుంది. పిల్ల తేలిగ్గా కాకినాడ వెళ్తుంది. ఒకనాడు అబద్ధం చెప్పి ఎండలోకి పంపింది, ఇప్పుడు నిజం చెబితే అదే ఎండలో కట్టి పడేసినట్టవుతుంది. ఈ ఒక్క అబద్ధం ప్రేమతో చెప్పేదే. కానీ మొదటిది కూడా ఎవరి మీదా పగతో చెప్పింది కాదు.

ఆమె తల ఎత్తి కోడలి మొహం చూసింది.

"పంతొమ్మిదిమంది," అంది.

కెజియా కళ్ళు మూసుకుంది. తర్వాత మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది, చిన్నప్పుడు ఏడ్చినట్టు వెక్కిళ్ళు పెట్టి. "ఎందుకు చెప్పావత్తా? చూళ్ళేదు అనొచ్చుగా!"

"నువ్వు అడిగావు."

"ఉండమంటావా?"

"అనను. వెళ్ళమనీ అనను. ఏది చేసినా అది నువ్వు చేసిందే అవ్వాలి."

కెజియా లేచి మొహం కడుక్కుంది. అత్త టీ పెడితే తాగింది. ఆ రోజు ఏ నిర్ణయమూ చెప్పలేదు. మార్చి నెలంతా నాగరత్తమ్మకు, గనిలో పనిచేసే మరో ఆరుగురు ఆడవాళ్ళకు తొట్టి పని నేర్పిందని, వేడి చూడటం, సెలైను పెట్టడం, ఎప్పుడు తొట్లోంచి తీయాలో గుర్తుపట్టడం వాళ్ళ చేత పదేసిసార్లు చేయించిందని హెప్సిబాకు తర్వాత తెలిసింది. మార్చి ముప్పైన ఆమె పెట్టె సర్దుకుని కాకినాడ బస్సెక్కింది. ఊళ్ళోవాళ్ళు కొందరు వచ్చి సాగనంపారు. కొందరు రాలేదు.

ఆ ఏడు వేసవి కఠినంగానే వచ్చింది. హెప్సిబా రోజూ ఆఫీసుకు వెళ్ళగానే ముందు నల్లరాళ్ళపాడు కబురు తెప్పించుకునేది. కెజియా ఒక్కసారీ ఫోను చేయలేదు.

జూన్ చివర్లో తొలకరి పడి, శిబిరాలు ఎత్తేసిన మర్నాడు ఫోను మోగింది. అటువైపు ఎవరో చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

"అత్తా, ఎంత?" అంది కెజియా.

"పద్నాలుగు."

కెజియా బిడ్డను భుజానికి మార్చుకున్న చప్పుడు వినిపించింది. ఏడుపు కాస్త తగ్గింది.

"పేర్లున్నాయా నీ దగ్గర?"

త్రాసుకు పేర్లతో పని లేదు. కానీ ఈ ఏడు హెప్సిబా నాగరత్తమ్మకు ఫోను చేసి అడిగి, ఒక్కొక్కటే కాగితం మీద రాసుకుంది. కళ్ళజోడు పెట్టుకుని మెల్లగా చదవడం మొదలుపెట్టింది. తన్నీరు కోటయ్య. పల్లపు ఎల్లమండ. షేక్ మస్తాన్‌బీ.

"మస్తాన్‌బీ," అంది కెజియా. "పెద్దావిడ. ఉగాదికి నాకు మామిడికాయలు పంపేది."

"ఆపమంటావా?"

"వద్దు. చదువు."

హెప్సిబా మిగిలిన పదకొండూ చదివింది. అయిపోయాక కూడా కెజియా ఫోను పెట్టలేదు. అవతల బిడ్డ ఊపిరి తీసుకోవడం, కెజియా అరచేత్తో దాని వీపు మీద మెల్లగా తడుతుండటం వినిపిస్తున్నాయి.

"ఇంకోసారి చదువత్తా," అంది చివరికి.

హెప్సిబా కాగితం ముందువైపుకు తిప్పుకుని మళ్ళీ మొదటి పేరు నుంచి చదవసాగింది.